ఖాళీ అని రాసే ముందు

అమ్మాయీ,

మీ ఊరి మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. ఓపిగ్గా పాత సర్వే పటాల షీట్లు సంపాదించావు, సంతోషం. కానీ నాలుగో పేజీలో ఒక వాక్యం చదివి కోపమొచ్చి కాగితాలు పక్కన పెట్టేశాను. "బకింగ్‌హామ్ కాలవకు తూర్పున సముద్రం దాకా పటంలో ఏమీ లేదు, కాబట్టి అప్పట్లో అక్కడ మనుషులు లేరు" అని రాశావు. లేరని నీకెవరు చెప్పారమ్మా?

పటం చేతికి రాగానే, దాన్ని గీసినవాడికి జీతం ఎవరిచ్చారని అడగాలి. మద్రాసు ప్రభుత్వం 1858లో రెవెన్యూ సర్వే మొదలుపెట్టింది శిస్తు కోసం. శిస్తు కట్టే పొలానికి గట్టు గట్టుకీ కొలత ఉంది, కొలత గొలుసులే కాదు, గొలుసులో నూరో వంతైన లింకులతో సహా. శిస్తు రాని నేల మీద అంత శ్రద్ధ ఎవరు పెడతారు? నీ తీరమే చూడు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు 1805 నుంచి ఈస్టిండియా కంపెనీ గుత్త సొత్తు. అందుకే ఉప్పుమళ్లు, కొఠార్లు, వాటికి పోయే బాటలు పటాల్లో ఉంటాయి. మరి ఆ మళ్లలో దిగి ఉప్పు లాగినవాళ్లు రాత్రికి ఎక్కడ పడుకున్నారు? వాళ్లవి తాటాకు గుడిసెలు. తుపాను వస్తే పోతాయి, మళ్లీ ఇంకో మెట్ట మీద లేస్తాయి. చేపలు పట్టే పట్టపువాళ్ల పాలేలకు, యానాదుల గూడేలకు పటంలో పేరు లేని నాలుగు చుక్కలు దక్కితే గొప్ప. 1969లో రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను ఎంచుకునేటప్పటికి ఆ అడవిలో యానాదులు తరతరాలుగా బతుకుతున్నారు. పటంలో ఖాళీ చూసి మనుషులు లేరని రాస్తే, సర్వే చేసినవాడు వదిలేసిన మనుషుల్ని నువ్వు రెండోసారి వదిలేసినట్టు. ఈ మాట దగ్గర నేను మెత్తబడను.

ఇంకో సంగతి. నువ్వు రెండు షీట్లు అతికించి ఒకే పటంలా చదివావు. 80 డిగ్రీల రేఖాంశం దాదాపు కావలిని, నెల్లూరుని ఒరుసుకుంటూ పోతుంది. సర్వే ఆఫ్ ఇండియా షీట్ల లెక్కలో దానికి పడమర నేల 57 ఎన్‌లో, తూర్పు నేల 66 బిలో పడుతుంది. మీ ఊరి పొలం ఒక షీటులో, ఆ పొలానికి ఆనుకున్న తీరం ఇంకో షీటులో. రెండింటి అంచున ఉన్న అక్షరాలు చదివావా? సర్వే చేసిన సంవత్సరం వేరు, అచ్చయిన సంవత్సరం వేరు. రెండు షీట్లకూ మధ్య ఎన్నేళ్లు గడిచాయో తేల్చకుండా "అప్పట్లో" అనే మాట రాయకూడదు. సంవత్సరం చిరిగిపోయి ఉంటే గుర్తులు చూసుకో. బెజవాడ నుంచి ఒంగోలు, నెల్లూరు మీదుగా మద్రాసు రైలు నడిచింది 1899లో. పట్టాలు లేకపోతే ఆ సర్వే అంతకు ముందుదే. కాలవకు బకింగ్‌హామ్ పేరు 1878లో వచ్చింది. 1876-78 నాటి ధాత కరువులో కూలిగింజల కోసం వచ్చిన జనం తవ్విన భాగాలు అందులో ఉన్నాయి. కాలవను పడవల దారి అని మాత్రమే రాశావు. ఆ కరువు పని గురించి ఒక్క పేరా అయినా కావాలి.

"ప్రకాశం జిల్లా పాత పటాలు దొరకలేదు" అని వాపోయావు. 1970 ఫిబ్రవరికి ముందు ఆ జిల్లానే లేదు, అప్పుడైనా పేరు ఒంగోలు జిల్లా. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరులో ఉండేది, తర్వాత గుంటూరుకు పోయింది. కందుకూరు, కనిగిరి నెల్లూరివి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. ఆ పేర్లతో వెతుకు. మీ నాన్నగారిది పొదిలి వైపన్నావు. పొదిలి, దర్శి వెంకటగిరి జమీందారీ. రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే రైత్వారీ ఊళ్లకు దొరికినంత పాత సర్వే ఆ ఊళ్లకు ఆశించకు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక జరిగిన సర్వేల నుంచి మొదలుపెట్టు.

ఏ పత్రికకు పంపమంటారని అడిగావు. నా తొలి వ్యాసం ఒక చెరువు గురించి. తూముల పేర్లు, సర్వే నంబర్లు, ఏ కాలవ కింద ఏ కయ్యలు పారేవో అన్నీ రాశాను. సంపాదకుడు అవన్నీ కొట్టేసి, పైన ఉదయగిరి కోట బొమ్మేసి, శీర్షికలో కృష్ణదేవరాయల్ని పెట్టాడు. రాయలవారు 1514లో ఉదయగిరి పట్టిన మాట నిజమే, నా చెరువుకు ఆయనతో ఏం పని? పాఠకుడికి రాజులు కావాలన్నాడు. ఆ మాట నాకింకా మంటే. ఇప్పుడు రాజులు పోయి మట్టివాసన వచ్చింది. ఏ ఊరి మీద వ్యాసం చూసినా వేపచెట్టు, అమ్మమ్మ, మసక ఫోటో. నీ మొదటి రెండు పేజీలూ అవే. తీసెయ్. మూడో పేజీలో చెరువుకట్ట వంపును పటంతో పోల్చావే, అక్కణ్ణించి మొదలుపెట్టు.

గ్రామ నక్షా, అంటే ఊరి పొలాల పటం కోసం నేనొక తాలూకాఫీసు రికార్డు గది చుట్టూ నెలల తరబడి తిరిగాను. "ఏ పొలం తగాదా?" అనేవాడు గుమాస్తా. తగాదా లేదంటే నమ్మేవాడు కాదు. ఆఖరికి నేల మీద కూర్చుని ట్రేసింగ్ కాగితం మీద ఎత్తుకోనిచ్చాడు. ఊరికి దూరంగా, పొలాల మధ్య ఒక నంబరు మీద గ్రామనత్తం అని ఉంది, అంటే ఇళ్ల జాగా. వెళ్తే అక్కడ ఇల్లు లేదు, జొన్నచేను. గొర్రెలు కాసే పెద్దాయన చూసి, "అది పాటిదిబ్బ నాయనా, మా తాతలు పాటిమట్టి తోలుకుపోయింది ఇక్కణ్ణించే" అన్నాడు. పాటి అంటే పాడుబడ్డ ఊరు. చేలో పెంకులు, బూడిద రంగు మన్ను, సగం విరిగిన రోలు. ఏ నంబరు ఎవరిదో రాసి ఉండే పాత అడంగలు తీస్తే ఆ చుట్టుపక్కల నంబర్లు మంగలి మాన్యం, కుమ్మరి మాన్యం. మంగలికి, కుమ్మరికి మాన్యాలిచ్చుకున్నారంటే అదొక నిండు ఊరు. అంగుళానికి మైలు షీటులో అక్కడ ఉన్నదల్లా తెల్లకాగితం.

అందుకే చెప్తున్నా, పెద్ద షీటుతో ఆగిపోకు. నక్షా, పొలాల కొలతలుండే ఎఫ్.ఎం.బి. పుస్తకం, పాత అడంగలు మూడూ పక్కపక్కన పెట్టుకో. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అచ్చు వేయించిన నెల్లూరు జిల్లా శాసనాల మూడు సంపుటాల్లో మీ తాలూకా శాసనాలు చూడు. చెరువుల పేర్లు, దానమిచ్చిన పొలాల హద్దులు దొరుకుతాయి. 1984లో కరణాలను తీసేశాక ఎన్నో ఇళ్లలో కాగితాల కట్టలు చెదలపాలయ్యాయి. మీ ఊరి కరణంగారి ఇంట్లో ఏమైనా మిగిలిందేమో మర్యాదగా అడుగు. ఆలస్యం చేయకు. రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్.పి. (ల్యాండ్ పార్సిల్) నంబర్లు వచ్చాయి. ఏ నంబరు ఏ పొలమో నోటితో చెప్పగల ముసలివాళ్లు ఇంకా ఉన్నారు.

ఎండాకాలంలో, చెరువులు ఎండాక వెళ్లు. తూములు, కట్ట రాళ్లు బయటపడతాయి. కాలవ దాటి తూర్పుకు వెళ్లి, ఇప్పటి రొయ్యల గుంటల మధ్య మంచినీళ్ల బావి, దేవర రాయి, శ్మశానం ఎక్కడున్నాయో పాలెంలో పెద్దవాళ్లని అడుగు. వాళ్లు చూపించిన ప్రతిదాన్నీ షీటు మీద పెన్సిలుతో గుర్తుపెట్టి, ఎవరు చెప్పారో అంచున రాసి, ఆ షీటు నకలు నాకు పంపు. వ్యాసం తర్వాత చూద్దాం.