నిలబడ్డది మీ యారాలు కదా

"మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. సర్పంచ్ సీటు మహిళలకు రిజర్వ్ అయిందని మా యారాలిని నిలబెట్టారు. ఆమెకేం తెల్వదు పాపం, నడిపేదంతా మా బావే. ఫ్లెక్సీలో కూడా ఆయన ఫొటోనే పెద్దది. నీళ్లు, మోరీల పనులు ఆయన బాగా చేయిస్తాడు. కానీ బెల్టుషాపుకు వేలం పాడించి, ఆ డబ్బుతో గుడి కట్టిస్తానంటున్నాడు. నేను మహిళా సంఘం లీడర్‌ని. తాగుడుతో ఎన్ని ఇళ్లు చితికిపోయాయో చూశాను. ఇంటింటికీ తిరిగి బొట్టు పెట్టి ఓట్లడగాలని మా ఆయన, అత్త పట్టుబడుతున్నారు. ఆమెకు ఓటు వేయాలా, వద్దా?"
– ఒక సోదరి

ఓటు గురించి టెన్షన్ పడకండమ్మా. ఆ గులాబీ రంగు బ్యాలెట్ మీద ఉంగరానికి గుద్దారో, కత్తెరకు గుద్దారో, నోటాకు గుద్దారో మీ ఆయనకు కూడా చెప్పక్కర్లేదు. అట్ట చాటున జరిగింది అక్కడే ఉంటుంది.

నాకు బాధ కలిగించింది వేరే. బావ ఏమన్నాడో, అత్త ఏమన్నదో అన్నీ రాశారు. మీ యారాలి గురించి మాత్రం ఒకటే ముక్క: 'ఆమెకేం తెల్వదు పాపం.' ఫ్లెక్సీలో ఆమె ఫొటో చిన్నదని మీకు కనిపించింది. మీ ఉత్తరంలో కూడా ఆమె అంతే చిన్నగా ఉంది. బెల్టుషాపు సంగతి ఆమెను ఒక్కసారైనా అడిగారా?

గెలిస్తే చెక్కు మీద సంతకం ఆమెది, ఉపసర్పంచ్‌ది. బావది కాదు. గ్రామసభలో అధ్యక్ష స్థానంలో కూర్చునేదీ ఆమే. బెల్టుషాపుకు లైసెన్సే ఉండదు, ఇక దానికి వేలమేమిటి? రేపు ఎవరైనా నిలదీస్తే జవాబు చెప్పుకోవలసింది ఆ ఇల్లాలే. ఇదంతా ఆమెకు ఎవరైనా చెప్పారా?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించింది అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుతున్న ఆడవాళ్లు. మరుసటి ఏడాది రాష్ట్రమంతటా సారాను నిషేధించాల్సి వచ్చింది. వాళ్లను కూడా 'ఏం తెల్వదు' అనే అని ఉంటారు.

బావ ఇంట్లో లేనప్పుడు, ఇద్దరూ బీడీల చాటలు ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు అడగండి. "అక్కా, వేలం కాగితం నీ ముందు పెడితే సంతకం పెడతవా?" అని. పెట్టనంటే, కుంకుమ భరిణె పట్టుకుని ప్రతి గడపా ఎక్కండి. బావ పేరెత్తకుండా ఆమె పేరు మీదే ఓటడగండి. గెలిచాక కూడా ఆమె పక్కన నిలబడాల్సింది మీరే, ఆ ఇంట్లో ఇంకెవరూ నిలబడరు.

'మీ బావ ఎట్లంటే అట్ల' అంటే మాత్రం బొట్టు పెట్టడానికి వెళ్లొద్దు. ప్రచారానికొచ్చిన వాళ్లకు అన్నం వండి పెట్టండి, ఇంటి కోడలిగా అది మీ బాధ్యత. సంఘం ఆడవాళ్లకు మీ మీదున్న నమ్మకం మాత్రం ఇంటి సొత్తు కాదు. దాన్ని మీ ఆయన ఎవరికీ మాటివ్వలేడు. ఆ ముక్క ఆయనతో మీరే చెప్పండి, కానీ ముందు అక్కతో మాట్లాడాకే.