ఫారం బి మీద సంతకం పెట్టేముందు: బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ పీహెచ్‌డీ టాపిక్ ఖాయమైందని, షుగరు వల్ల రెటీనా ఎలా దెబ్బతింటుందో చిట్టెలుకల మీద చూడబోతున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా గర్వంగా అనిపించింది. మీ తాతయ్య చివరి రోజుల్లో పేపరు చదవలేక నీచేత చదివించుకున్నది ఆ జబ్బు వల్లే కదా. ఫోన్ పెట్టేసేముందు మీ అమ్మ ఇంకో మాట కూడా అంది, "లిటరేచర్ సెర్చ్ వారంలో అయిపోతుందట అక్కా, వచ్చే నెల ఎథిక్స్ కమిటీకి ఫారం ఇచ్చేస్తుందట" అని. ఇదివరకు ఎవరెవరు ఏం ప్రచురించారో వెతకడం వారంలో అయిపోతుందన్న మాట విన్న దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా" అంటావు, సగం వినవు. అందుకే రాస్తున్నాను.

నేను సైంటిస్టును కాదు. రీసెర్చ్ సంస్థ లైబ్రరీలో ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని. కానీ ఎవరు ఏం వెతికారో, ఏం వెతక్కుండా వదిలేశారో లైబ్రరీలో కూర్చున్నవాళ్ళకి తెలుస్తుంది. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను.

ముందు ఆ ఫారం బి మొత్తం ఒకసారి చదువు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, దాని కింద 1998లో వచ్చిన రూల్స్ ప్రకారం నువ్వు నింపాల్సిన దరఖాస్తు అది. జంతువుల మీద ప్రయోగాల్ని పర్యవేక్షించే కేంద్ర కమిటీని ఇదివరకు సీపీసీఎస్ఈఏ అనేవాళ్ళం, ఇప్పుడు సీసీఎస్ఈఏ అంటున్నారు. ఏ జాతి జంతువు, ఎందుకు అదే, ఎన్ని, అన్నెందుకు అని అడుగుతారు. అవన్నీ మీ సర్ చూసుకుంటారు. చివర్లో డిక్లరేషన్ మాత్రం నీది కూడా అనుకో. ఇదివరకే ప్రచురితమైన పనిని అనవసరంగా మళ్ళీ చెయ్యడం లేదని నిర్ధారించుకున్నాను అని అందులో రాసి ఉంటుంది. వారంలో నిర్ధారించుకోలేవమ్మా. నాలుగు కీవర్డ్స్ గూగుల్‌లో కొట్టి, మొదటి పేజీ చూసి సంతకం పెట్టినవాళ్ళని చూశాను. నువ్వు అలా చేశావని తెలిస్తే మాత్రం నాకు నిజంగా కోపం వస్తుంది.

నేను చేరిన రోజుల్లో వైద్య పరిశోధన పేపర్ల సూచిక, ఇండెక్స్ మెడికస్ అనే లావుపాటి సంపుటాలుండేవి. ఒక్కో నెల సంచిక తిరగేస్తూ, సబ్జెక్టు హెడ్డింగ్ కింద పేపర్ల పేర్లు కార్డుల మీద రాసుకునేవాళ్ళు. ఆ పేపరు మన దగ్గర లేకపోతే రీప్రింట్ పంపమని రచయితకి పోస్టుకార్డు రాసి, జవాబు కోసం నెలలకొద్దీ చూసేవాళ్ళు. తర్వాత అదే సూచిక మెడ్‌లైన్ పేరుతో సీడీల్లో వచ్చింది. దాన్ని ఇంటర్నెట్‌లో వెతికే పబ్‌మెడ్ 1997లో అందరికీ ఉచితమైంది. ఆ సంపుటాలు అచ్చు వెయ్యడం 2004తో ఆపేశారు. ఇప్పుడు నీ ఫోన్‌లో ఉన్నది అప్పట్లో ఒక హాలు నిండా ఉండేది. కానీ హెడ్డింగ్ వెతుక్కోవాల్సిన అవసరం అప్పుడు వాళ్ళకి ఒక పద్ధతి నేర్పింది. అది నువ్వు పట్టుబట్టి నేర్చుకోవాలి.

పబ్‌మెడ్‌లో మెష్ అని ఉంటుంది. ఒకే విషయానికి పదిమంది పది పేర్లు వాడినా, అన్నిటినీ ఒక హెడ్డింగ్ కిందికి తెస్తుంది. డయాబెటిక్ రెటినోపతీకి ఒకటి, జంతువుల్లో జబ్బు మోడల్స్‌కి ఒకటి, జంతువులకి బదులు వాడే పద్ధతులకి ఒకటి ఉన్నాయి. ఈ చివరిది తెలిసినవాళ్ళు తక్కువ. పబ్‌మెడ్‌లోని ప్రతి పేపరుకీ మెష్ ఉండదు కాబట్టి మామూలు మాటలతో కూడా వెతకాలి. జంతువుల మీద జరిగిన అధ్యయనాలు జారిపోకుండా పట్టుకునే సెర్చ్ ఫిల్టర్‌ని నెదర్లాండ్స్‌లో సర్కిల్ అనే బృందం తయారుచేసి ప్రచురించింది. అంతా కాపీ చేసుకుని నీ పదాల పక్కన పెట్టుకో. పబ్‌మెడ్ ఒక్కటే చాలదు. ఎంబేస్ అనే ఇంకో డేటాబేసు డబ్బు కట్టి వాడాల్సింది, మందుల విషయంలో బాగా పనికొస్తుంది, మీ లైబ్రరీలో ఉందేమో అడుగు. అడగడానికి మొహమాటపడకు. లైబ్రరీలో కూర్చున్నవాళ్ళు ఎవరైనా వచ్చి అడగాలని ఎదురుచూస్తూ ఉంటారు.

ఏ డేటాబేసు, ఏ తేదీన, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు, ఏ పదాలతో వెతికావో ఒక నోట్‌బుక్‌లో రాసుకో. అమెరికాలో వ్యవసాయ శాఖ లైబ్రరీ కింద 1986 నుంచి జంతు సంక్షేమ సమాచార కేంద్రం ఒకటి నడుస్తోంది. వాళ్ళు పరిశోధకుల్ని రాయమనేదీ ఇదే. రిఫరెన్సులు దాచుకునే జొటెరో అనే సాఫ్ట్‌వేర్‌లో అన్నీ పెట్టుకో, వెనక్కి తీసుకున్న పేపరేదైనా ఉంటే అదే చెబుతుంది.

ఇక అసలు నాకు భయం పుట్టించిన సంగతికి వస్తాను. "బ్లాక్ సిక్స్ ఎలుకలు వాడుతుందట" అని మీ అమ్మ అంది. సీ57బీఎల్/6 అనే నల్ల చిట్టెలుకల రకాన్ని ల్యాబ్‌లో అలా పిలుస్తారు, అందులో మళ్ళీ ఉపరకాలున్నాయి. ఏ బ్లాక్ సిక్స్, బుజ్జీ?

నేను ఉద్యోగం చేసిన చోట శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఉండేవాడు. తెలివైనవాడు, నెమ్మదస్తుడు. మధ్యాహ్నం క్యారేజీ తినేసి నేరుగా లైబ్రరీకి వచ్చి కూర్చునేవాడు. అతని పని కూడా కంటి మీదే. ఒక జీన్ తీసేసిన ఎలుకల్ని బయటి దేశం నుంచి తెప్పించారు. ఆ జీన్ లేకపోతే రెటీనాకి ఏమవుతుందన్నది అతని ప్రశ్న. పోల్చి చూసేందుకు యానిమల్ హౌస్‌లో ఎప్పటినుంచో ఉన్న మామూలు నల్ల ఎలుకల్ని తీసుకున్నాడు. రెండు రకాల కేజ్ కార్డుల మీదా "బ్లాక్ 6" అనే రాసి ఉంది. ఎవరికీ అనుమానం రాలేదు.

ఫోటోలు తీస్తే జీన్ లేని ఎలుకల రెటీనా కింది భాగంలో తెల్లటి మచ్చలు కనిపించాయి. మామూలు ఎలుకల్లో ఒక్క మచ్చ కూడా లేదు. ల్యాబ్ అంతా స్వీట్లు పంచుకున్నారు. అతను ఆ ఫోటోలు పట్టుకుని మా కౌంటర్ దగ్గరికి వచ్చి చూపించాడు. నాకేం అర్థమవుతుందని కాదు, ఎవరికైనా చూపించాలని. పోస్టరు వేశారు, పేపరు రాశారు, జర్నల్‌కి పంపారు. రివ్యూయర్ దగ్గర్నుంచి ఒక్క ప్రశ్న తిరిగి వచ్చింది: "ఈ ఎలుకల్లో ఆర్‌డీ8 ఉందేమో చూశారా?"

ఆ రోజు అతను లైబ్రరీ మూసేవరకు కదల్లేదు. ఇద్దరం కలిసే వెతికాం. క్రబ్1 అనే జీన్‌లో ఒకే ఒక్క బేస్, అంటే డీఎన్ఏలో ఒక్క అక్షరం, ఎగిరిపోవడం వల్ల వచ్చే మ్యుటేషన్ అది, రెటీనాలో సరిగ్గా అలాంటి మచ్చలే తెస్తుంది. దాని సంగతి 2003లోనే రాశారు. మామూలుగా కంపెనీలు అమ్మే సీ57బీఎల్/6ఎన్ ఎలుకల్లోనూ, వాటినుంచి తీసిన స్టెమ్ సెల్స్‌లోనూ అది ఉందని 2012లో బయటపెట్టారు. జీన్ తీసేసిన ఎలుకలెన్నో ఆ 6ఎన్ స్టెమ్ సెల్స్ నుంచే తయారయ్యాయి. మా యానిమల్ హౌస్‌వి 6జె అనే ఇంకో ఉపరకం సంతతి. వాటిలో ఆ మ్యుటేషన్ లేదు. తోకల నుంచి డీఎన్ఏ తీసి చూస్తే మచ్చలున్న ప్రతి ఎలుకలోనూ ఆర్‌డీ8 ఉంది. అతను చదువుతున్న జీన్‌కీ ఆ మచ్చలకీ సంబంధమే లేదు.

2012 నాటి ఆ పేపరు అతను ఎలుకల్ని చంపుతున్న రోజుల్లోనే వచ్చింది. చేరిన కొత్తలో ఒక్కసారి వెతికాడు, అంతే. మళ్ళీ వెతకలేదు, అలర్టు పెట్టుకోలేదు. అతన్ని ఒక్కణ్ణే తప్పుపట్టలేను. కేజ్ కార్డు రాసినవాళ్ళు పూర్తి పేరు రాయలేదు, గైడ్ అడగలేదు, కమిటీ అడగలేదు. తర్వాత ఒకే తల్లి పిల్లల్లో జీన్ ఉన్నవాటినీ లేనివాటినీ పోల్చి, ఆర్‌డీ8 లేకుండా పెంచి, మొత్తం మొదటినుంచీ చేశాడు. డిగ్రీ వచ్చింది, ఇప్పుడు పాఠాలు చెబుతున్నాడు. కానీ ఆ సాయంత్రం అతను నాతో పేపరు పోయిందని అనలేదు. "అన్ని ప్రాణాలు ఊరికే తీశాను మేడమ్" అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదు. నీ నోట అది వినకూడదు.

అందుకని పూర్తి పేరు రాయి. చివరి అక్షరం దాకా. అమెరికాలో బార్ హార్బర్‌లోని జాక్సన్ ల్యాబ్ నుంచి 1951లో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌కి వెళ్ళిన ఎలుకల సంతతి ఎన్, జాక్సన్ దగ్గరే ఉండిపోయినవి జె. విడివిడిగా పెరిగాయి, విడివిడిగా మారాయి. ఎన్‌కి కంట్లో లోపం ఉందని చెప్పానా, జెకి ఇంకోటుంది. ఎన్‌ఎన్‌టీ అనే జీన్ పాడైపోయి, ఇన్సులిన్ విడుదల తగ్గుతుంది. నీ పని షుగరూ కన్నూ రెండిటి మీదా. ఒకటి తీసుకుంటే షుగరు లెక్కలో చిక్కు, ఇంకోటి తీసుకుంటే కంటి లెక్కలో చిక్కు. ఏది తీసుకోవాలో మీ సర్‌తో కూర్చుని తేల్చుకో. తెలిసి తీసుకో, అంతే నేనడిగేది. ఎఫ్‌వీబీ అనే ఇంకో రకం ఎలుకలు ఇస్తామని ఎవరైనా అంటే మాత్రం వద్దను. వాటికి పాలు మానే వయసుకే రెటీనా పాడైపోయి ఉంటుంది.

ఇవన్నీ వెతకడానికి మౌస్ జీనోమ్ ఇన్ఫర్మాటిక్స్ అనే వెబ్‌సైటు ఉంది, ఉచితం, జాక్సన్ వాళ్ళే నడుపుతారు. 1947లో బార్ హార్బర్‌లో పెద్ద కార్చిచ్చు రేగినప్పుడు ఆ ల్యాబూ కాలిపోయి ఎలుకలు దాదాపు అన్నీ పోతే, అంతకుముందు వాళ్ళ దగ్గర తీసుకున్న ల్యాబ్‌లు ఎక్కడెక్కడి నుంచో తిరిగి పంపాయి. అది చదివినప్పుడు నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఏ స్ట్రెయిన్, అంటే ఏ ఎలుకల రకం, ఎక్కడ బతికి ఉంది, ఎక్కడ పిండంగా గడ్డకట్టించి ఉంది అన్నది ఇంటర్నేషనల్ మౌస్ స్ట్రెయిన్ రిసోర్స్‌లో దొరుకుతుంది. ఉన్నదాన్ని మళ్ళీ తయారు చెయ్యకండి. ఒక జీన్ తీసేస్తే కంటికి ఏమవుతుందో ఐఎంపీసీ అనే అంతర్జాతీయ బృందం వాళ్ళు ఇప్పటికే చూసి పెట్టి ఉండొచ్చు. అది చూడకుండా ఒక్క ఎలుకని కూడా ఆర్డర్ చెయ్యొద్దు. పేపరు రాసేటప్పుడు స్ట్రెయిన్ పేరు పక్కన దాన్ని కచ్చితంగా గుర్తుపట్టే ఆర్ఆర్ఐడీ అనే నంబరు వెయ్యి. 6జెకి జాక్సన్ స్టాక్ నంబరు 000664.

జంతువు లేకుండా చెయ్యగలమా, తక్కువతో చెయ్యగలమా, బాధ తగ్గించగలమా. రసెల్, బర్చ్ అనే ఇద్దరు 1959లో అడిగిన ఈ మూడు ప్రశ్నలు కమిటీలో నిన్నూ అడుగుతారు. వాటికి జవాబు కూడా వెతికితేనే దొరుకుతుంది. నీ ప్రశ్నల్లో కొన్నిటికి మనుషులు దానం చేసిన కళ్ళు సరిపోతాయేమో చూడు. మన హైదరాబాద్‌లోనే ఎల్.వి. ప్రసాద్ సంస్థలో రామాయమ్మ ఐ బ్యాంకు ఉంది. మీ సర్‌ని అడిగించు, కాదంటే కాదంటారు. స్ట్రెప్టోజోటోసిన్ అనే మందు ఇచ్చి షుగరు తెప్పిస్తారట కదా. ఒకేసారి పెద్ద డోసు ఇవ్వడానికీ, రోజూ కొంచెం చొప్పున ఇవ్వడానికీ ఎలుక పడే అవస్థలో తేడా ఉంటుంది, అది రాసిన పేపర్లు వెతుకు. ఆడ ఎలుకల్లో ఆ మందు సరిగా పనిచెయ్యదని కూడా రాశారు. షుగరు వచ్చిన ఎలుక నీళ్ళు ఎక్కువ తాగుతుంది, కేజ్‌లో దాని పక్క మాటిమాటికీ తడిసిపోతుంది. రోజూ మార్పించే ఏర్పాటు ముందే ఫారంలో రాయి. తడి పక్క మీద వదిలెయ్యకు. నార్వేలోని నోరెకోపా అనే సంస్థ వాళ్ళ ప్రిపేర్ అనే మార్గదర్శకాలు పని మొదలుపెట్టేముందు చదువు, అరైవ్ అనే మార్గదర్శకాలు పేపరు రాసేటప్పుడు చదువు. అరైవ్‌కి 2020లో వచ్చిన రెండో కూర్పు చూడు, పాతది కాదు.

యానిమల్ హౌస్‌లో మాస్కు తియ్యకు. ఎలుక మూత్రంలోని ప్రొటీన్ పడక ఆస్తమా తెచ్చుకున్నవాళ్ళని నాకు తెలుసు. నీకు చిన్నప్పుడు దుమ్ము పడితే తుమ్ములు ఆగేవి కావు. ఈ సంగతి మీ అమ్మకి చెప్పను, నువ్వే మీ డాక్టర్‌కి చెప్పుకో.

మూడో తరగతిలో ఉన్నప్పుడు వేపచెట్టు మీంచి పడ్డ ఉడుత పిల్లకి దూదితో పాలు పట్టావు, అది బతకలేదని రెండు పూటలు అన్నం తినలేదు. ఇప్పుడు నీ చేత్తో నువ్వే ప్రాణం తియ్యాల్సి వస్తుంది. ఏడుపొస్తే ఏడువు, ఎవరైనా "ఇంత సెన్సిటివ్ అయితే ఎలా" అంటే పట్టించుకోకు. చెయ్యలేననిపించిన రోజున నాకు ఫోన్ చెయ్యి, రాత్రి ఎంతైనా సరే. మానెయ్యమని నేను చెప్పను. మీ తాతయ్యలాంటి వాళ్ళెందరికో నీ పని కావాలి.

కమిటీ మీటింగ్ ఎప్పుడో తేదీ తెలియగానే పంపు. వారం కాదు, కనీసం నెల రోజులు కావాలని మీ సర్‌ని నువ్వే అడగాలి. చెడ్డవాడేమీ కాదంటున్నావుగా, ఒప్పుకుంటాడు. ఈలోగా నీ సెర్చ్ పదాలు ఒక కాగితం మీద రాసి ఫోటో తీసి పెట్టు, నేను మెష్‌లో సరిచూసి పంపుతాను. పబ్‌మెడ్‌లో వారానికోసారి మెయిల్ వచ్చేలా అలర్టు పెట్టుకో. అది ఎలా పెట్టాలో తెలియకపోతే ఆదివారం పొద్దున వీడియో కాల్ చెయ్యి, చేసి చూపిస్తాను. యానిమల్ హౌస్‌కి వెళ్ళినప్పుడు కేజ్ కార్డు ఫోటో కూడా ఒకటి తీసి పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ