గొడ్డలి వెనక భాగం మీద, మేకు కొట్టేటప్పుడు జారకుండా, ఆకురాయితో అడ్డం నిలువు గీతల గళ్లు తియ్యవచ్చా?

తియ్యవచ్చు, మామూలు గొడ్డలికైతే మిషన్ అవసరం లేదు. కారణం, చాలా గొడ్డళ్లలో పదునుకోసం కాల్చి గట్టిపరిచేది అంచు వైపే. వెనక మొద్దు భాగం మెత్తగా ఉండిపోతుంది, ఆకురాయి దాన్ని కోస్తుంది. ముందు ఒక మూల గీసి చూడండి: రజను రాలితే పని జరుగుతుంది, ఆకురాయి జారిపోతే ఆ భాగం కూడా గట్టిపరిచారని అర్థం.

ఉదాహరణకు, విజయవాడలోగానీ గుంటూరులోగానీ హార్డ్‌వేర్ షాపుకెళ్లి రంపం పళ్లు సానపట్టే మూడు పలకల ఆకురాయి అడగండి. వెనక ముఖం 25 మిల్లీమీటర్ల చదరం అనుకుంటే, 2 మిల్లీమీటర్ల ఎడంతో అడ్డంగా సుమారు 12, నిలువుగా సుమారు 12 గీతలు పడతాయి. మొదటి గీతే ప్రాణం. అది వంకరైతే మిగతావన్నీ వంకరే, అందుకే దాన్ని ఉక్కు స్కేలు ఆనించి తియ్యండి. ముందుకు తోసేటప్పుడే ఒత్తాలి. అన్ని గీతలూ పైపైన పడ్డాకే లోతు పెంచాలి.

గళ్లు తీస్తే గొడ్డలి సుత్తి అయిపోతుందని చాలామంది అనుకుంటారు. కాదు. గళ్లు మేకు తల జారకుండా పట్టు ఇస్తాయి, అంతే. లోహం మెత్తనిదే కాబట్టి మొద్దులు చీల్చే ఇనుప చీలల మీద బాదితే గళ్లు అణగిపోతాయి, కామ దూర్చే కన్నం కూడా సాగిపోవచ్చు.