సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానకుండా కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేయవచ్చా?

చేయవచ్చు. యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2022 నిబంధనలు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీని ఒప్పుకుంటాయి. అయితే కంపెనీ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే లెటర్) తేవాలి, అక్కడే చాలామంది ఆగిపోతారు. పార్ట్‌టైమ్‌గా చదువుకోవడానికి అనుమతి ఇచ్చామని, డ్యూటీ పోగా పరిశోధనకు సరిపడా సమయం దొరుకుతుందని, అవసరమైతే కోర్స్‌వర్క్ (పీహెచ్‌డీలో భాగంగా చదవాల్సిన తరగతులు) కోసం పని నుంచి రిలీవ్ చేస్తామని ఆ లెటర్‌లో స్పష్టంగా ఉండాలి. "అభ్యంతరం లేదు" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టుకోకండి.

గడువు కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో 2 ఏళ్లు, మహిళలకు ఆపైన ఇంకో 2 ఏళ్ల వెసులుబాటు ఉంది.

నన్నడిగితే, అన్నిటికంటే ముఖ్యం టాపిక్. పగలంతా క్లౌడ్ సర్వర్లు చూసుకునే మనిషి రాత్రి పది గంటలకు కూర్చుని పూర్తిగా కొత్త రంగంలో పేపర్లు చదవడం చాలా కష్టం. అదే సర్వర్ల వైఫల్యాలను ముందే పసిగట్టడం మీద పని చేస్తే ఆఫీసు అనుభవం కలిసొస్తుంది. కానీ కంపెనీ డేటాను, కోడ్‌ను రాతపూర్వక అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. థీసిస్ చివరికి శోధగంగ అనే ఆన్‌లైన్ థీసిస్‌ల భాండాగారంలో అందరికీ కనిపిస్తుంది. పబ్లిక్ డేటాసెట్లు, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు తీసుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

దరఖాస్తుకు ముందే గైడ్‌తో మాట్లాడండి, సాయంత్రాలు, శనివారాలు సమయం ఇవ్వగలరా అని నేరుగా అడగండి. ఇంకొకటి: విదేశీ యూనివర్సిటీలతో కలిసి ఎడ్‌టెక్ కంపెనీలు అమ్మే "ఆన్‌లైన్ పీహెచ్‌డీ"లకు గుర్తింపు లేదని యూజీసీ, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ 2022లోనే హెచ్చరించాయి. వాటికి డబ్బు కట్టకండి.