జార్జియాలో ఎంబీబీఎస్ సరే, అమ్మాయి నోట్‌బుక్ సంగతేంటి?

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ. నీట్ రెండుసార్లు రాసినా ఇక్కడ సీటు రాలేదు. జార్జియాలో ఎంబీబీఎస్‌కి ఏజెంటుకు అడ్వాన్సు కూడా ఇచ్చాం. ఇప్పుడేమో తను కాకేసియన్ భాషలు, లింగ్విస్టిక్స్ (భాషాశాస్త్రం) అంటోంది. జార్జియా ఉన్నది కాకసస్‌లోనే కదా, డాక్టరీ చదువుతూనే ఆ భాషలన్నీ నేర్చుకోవచ్చు కదా? రెండింటిలో ఏది మేలో పోల్చి చెప్పండి. — ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: పోలుస్తాను గానీ ముందు ఒక మాట. మీ మెయిల్‌లో అమ్మాయి మార్కులు నాలుగు చోట్ల ఉన్నాయి. అమ్మాయి ఏమంటోందో మాత్రం ఒక్క వాక్యం. పైగా ‘ఈ పిచ్చి గీతలు చూడండి’ అంటూ తన నోట్‌బుక్ పేజీ ఒకటి ఫోటో తీసి పంపారు. తనకు చెప్పే తీశారా? నేను ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను. లింగ్విస్టిక్స్ పాఠాలు చెప్పే స్నేహితుడొకరికి చూపించి అందులో ఏముందో చెప్పించుకున్నాను.

పేజీ మీద మూడు సున్నాలున్నాయి, వాటి లోపల భాషల పేర్లు. మొదటిదాంట్లో జార్జియన్, మింగ్రేలియన్, లాజ్, స్వాన్. రెండోదాంట్లో అబ్ఖాజ్, అబాజా, అదిగే, కబర్దియన్, ఉబిఖ్. ఆ ఉబిఖ్‌ని కొట్టేసి పక్కన 1992 అని రాసింది. ఎనభైకి పైగా హల్లులున్న భాష అది, అచ్చులు మాత్రం రెండో మూడో. దాన్ని ధారాళంగా మాట్లాడగలిగిన చివరి మనిషి తెవ్‌ఫిక్ ఎసెంచ్ తుర్కియేలో పోయింది ఆ ఏడాదే. మూడో సున్నా పెద్దది: చెచెన్, ఇంగుష్, అవార్, లాక్, లెజ్గిన్, ఒకే ఒక్క ఊరి చుట్టుపక్కల దాదాపు వెయ్యిమంది మాట్లాడే ఆర్చి... అలా పేజీ అంచు దాకా పోయింది. అర్మేనియన్, ఒసేతియన్, అజర్‌బైజానీ మూడింటికీ బయట ఉన్నాయి. అవీ ఆ కొండల దగ్గరివే, కానీ మొదటి రెండూ హిందీ, ఇంగ్లిష్ చేరే ఇండో-యూరోపియన్ కుటుంబానివి, మూడోది టర్కిష్ చేరే టర్కిక్ కుటుంబానిది.

అంటే మీరనుకుంటున్న ‘కాకేసియన్ భాష’ అనేది ఒకటి లేదండీ. కాకసస్ అన్నది కొండల పేరు, దాన్ని మీరు ఇంటిపేరు అనుకున్నారు. దక్షిణాన కార్ట్‌వేలియన్, వాయవ్యాన అబ్ఖాజ్-అదిగే, ఈశాన్యాన నాఖ్-దాగెస్తానీ అని అక్కడ మూడు వేరువేరు భాషా కుటుంబాలున్నాయి, ఆ మూడు సున్నాలూ అవే. ఇవన్నీ ఒకే తల్లి పిల్లలని సోవియట్ కాలంలో ఆర్నోల్డ్ చికోబావా లాంటి పెద్ద పండితులు వాదించారు, అది నిలబడలేదు. ఉత్తరాన ఉన్న రెండు కుటుంబాలనూ కలుపుతూ నికొలాయెవ్, స్తారోస్తిన్ 1994లో లావుపాటి నిఘంటువే వేశారు, అయినా చాలామంది భాషావేత్తలు ఒప్పుకోలేదు. మీ అమ్మాయి రెండో సున్నాకీ మూడో సున్నాకీ మధ్య చుక్కల గీత గీసి, దాని మీద ప్రశ్నార్థకం పెట్టింది. పద్దెనిమిదేళ్ల పిల్ల ‘ఇది ఇంకా తేలలేదు’ అని గుర్తుపెట్టుకుంది. కోచింగ్ సెంటర్లో రెండేళ్లు నాలుగు ఆప్షన్లలో ఒకటి దిద్దడమే నేర్పినా ఆ అలవాటు పోలేదంటే నాకు ముచ్చటేసింది.

కిందిమూల ఇంకోటుంది, మీరు గమనించి ఉండరు. అవార్ భాషలో ‘వచ్చాడు’ అనడానికి ‘వచాన’ అంటారు. చూడగానే మనకు ‘అరె, తెలుగే!’ అనిపిస్తుంది. తను దాని కిందే రాసింది: ఆడమనిషి వస్తే ‘యచాన’, వస్తువో జంతువో అయితే ‘బచాన’. అంటే ఆ మొదటి ‘వ’ మగవాణ్ణి చూపించే గుర్తే, అసలు ధాతువు దాని తర్వాత మొదలవుతుంది. మనం వచ్చాడు, వచ్చింది అని చివర మార్చేదాన్ని వాళ్లు ముందే మార్చేస్తారు. ‘చుట్టరికం లేదు’ అని రాసి కింద గీత గీసింది. జార్జియన్‌లో ‘మామా’ అంటే నాన్న, అదీ ఇలాంటిదే. మాట కలిసినంత మాత్రాన చుట్టాలైపోరు. తేడా ఒక పద్ధతిలో రావాలి. కన్నడంలో కివి, కెరె, కెడు అన్నవి మన దగ్గర చెవి, చెరువు, చెడు అయ్యాయి చూడండి, అలాగన్నమాట. జార్జియన్‌లో మనిషి ‘కాత్సి’, మింగ్రేలియన్‌లో ‘కోచి’. ఆ ‘ఆ’ ‘ఓ’ కావడం, ‘త్స’ ‘చ’ కావడం ఇంకా బోలెడు మాటల్లో కనిపిస్తుంది కాబట్టే అవి రెండూ అక్కాచెల్లెళ్లని తేల్చారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ద్రావిడ భాషల మీద జీవితమంతా చేసింది ఈ పనే. ఉస్మానియాలో లింగ్విస్టిక్స్ విభాగం ఆయన నిలబెట్టిందే.

ఇక మీ ఏజెంటు సంగతి. జార్జియా ఎంబీబీఎస్ గురించి నెలకు పదిమందైనా అడుగుతారు, అందరికీ చెప్పేదే మీకూ చెప్తాను. రూల్స్ మీకు తెలుసు, వాటి జోలికి పోను. బ్రోచర్లో ఉండేది ఇంగ్లిష్ మీడియం, ఇండియన్ మెస్, అమ్మాయిలకు భద్రత. క్లాసు ఇంగ్లిష్‌లోనే జరుగుతుంది, నిజమే. వార్డులో మంచం మీదున్న ముసలావిడ ఇంగ్లిష్ మాట్లాడదు. ఎక్కడ నొప్పో, ఎప్పటినుంచో ఆవిడ జార్జియన్‌లోనే చెప్తుంది. ఆ భాష రాని విద్యార్థి ప్రొఫెసర్ వెనకాల నిలబడి తలూపి వచ్చేస్తాడు. అలా ఐదారేళ్లు తలూపి ఇక్కడికొచ్చి, విదేశాల్లో చదివినవాళ్లు ఇక్కడ డాక్టరుగా పనిచేయాలంటే రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈ పరీక్షకి కూర్చుంటే, పదిమందిలో ముగ్గురైనా గట్టెక్కని సెషన్లే ఎక్కువ. బాగా చదివి వచ్చి ప్రాక్టీసు చేస్తున్నవాళ్లూ ఉన్నారు, కాదనను. వాళ్లకు డాక్టరీ మీద ఆకలి ఉంది. మీ మెయిల్‌లో ఆ ఆకలి మీదే కనిపించింది. ఐదారేళ్ల ఫీజు కట్టాక ‘ఇష్టం లేకుండా చదివాను’ అన్న పిల్లల్ని ఇదే కుర్చీలో ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడాను. అప్పుడు తల్లిదండ్రులు ‘ముందే చెప్పొచ్చు కదా’ అంటారు. మీ అమ్మాయి ముందే చెప్పింది కదండీ.

‘ఆ భాషలన్నీ నేర్చుకుంటుంది కదా’ అన్నారు. జార్జియా రాజధాని టిబిలిసిలో ఉంటే జార్జియన్ వస్తుంది. అవార్, లెజ్గిన్ మాట్లాడే దాగెస్తాన్ కొండకి అవతల, రష్యాలో. అక్కడి వ్యాకరణాలు చాలావరకు రష్యన్‌లోనే రాసి ఉన్నాయి. నిజామాబాద్‌లో ఉంటూ కాశ్మీరీ నేర్చుకున్నట్టుంటుంది మీ ప్లాను.

మరి లింగ్విస్టిక్స్‌లో ఏముంది? అవార్ వస్తే ఇక్కడ ఎవరూ జీతమివ్వరు, ఆ ముక్క అమ్మాయికి నేనే చెప్తాను. కానీ తను నేర్చుకుంటున్నది పద్ధతి. ఆ పద్ధతి ఆదిలాబాద్ కొలామీకీ, గోండీకీ, అరకు వైపు కువికీ పనికొస్తుంది. స్పీచ్, అనువాదం, భాషా సాఫ్ట్‌వేర్ పనులకూ పనికొస్తుంది, అయితే వాటికి కాస్త ప్రోగ్రామింగ్ నేర్చుకోక తప్పదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ లాంగ్వేజ్ సైన్సెస్ ఉంది. హైదరాబాద్‌లోనే ఉన్న ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో రష్యన్ చదువుకోవచ్చు. హైదరాబాద్ ఐఐఐటీలో కంప్యూటర్‌తో భాషను విశ్లేషించే కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్ బాగుంటుంది గానీ దానికి ఇంటర్‌లో మ్యాథ్స్ ఉండాలి. మొదట్లో జీతాలు తక్కువ, పీహెచ్‌డీ దాకా పోతే చాలా ఏళ్లు పడుతుంది. ఖర్చు మాత్రం మీరు జార్జియాకి అనుకున్నదాంట్లో ఏ మూలకూ రాదు.

పోలిక ఇంతే చేయగలను. మీ అసలు దిగులు ‘మీ అమ్మాయి ఏం చేస్తోంది’ అని చుట్టాలు అడిగితే ఏం చెప్పాలన్నది, అవునా? ‘సెంట్రల్ యూనివర్సిటీలో చదువుతోంది’ అనండి, చాలు. ఎవరూ రెండో ప్రశ్న వేయరు, నా మాట నమ్మండి. రెండుసార్లు నీట్ రాసి ఓడిపోయాననుకుంటున్న పిల్ల ఇంత శ్రద్ధగా ఒక పేజీ నింపిందంటే మీరు భయపడాల్సిన పనేం లేదు.

అడ్వాన్సు రసీదు జాగ్రత్త చేయండి, వెనక్కిచ్చే షరతు ఏం రాశారో చదవండి. మిగతా డబ్బు కట్టకముందే అమ్మాయిని ఒకసారి నా దగ్గరికి తీసుకురండి, నోట్‌బుక్‌తో సహా. మీరు బయట గదిలో కూర్చుందురుగాని.