నెలల తరబడి పస్తున్న బాల్ పైథాన్‌కి ముందు కావలసింది ఎలుక కాదు

ఎవరో పట్టించుకోక వదిలేసిన బాల్ పైథాన్‌ని (ఇళ్లలో పెంచుకునే ఒక రకం చిన్న కొండచిలువ) మీరు తెచ్చుకున్నారు, ఎముకల గూడులా ఉంది, ఒంటి మీద పాత కుబుసం పేలికల్లా అంటుకుంది, ఈ రాత్రే ఎలుక పెట్టేయనా అని అడిగారు. దయచేసి పెట్టకండి. మూడేళ్ల క్రితం నేను ఆ పొరపాటే చేశాను.

నా దగ్గరికి వచ్చింది ఆడపాము. ఐదారేళ్లు ఉంటాయన్నారు, తూస్తే 610 గ్రాములే. ఆ వయసు ఆడపాము సుమారు 1,500 గ్రాములుండాలి. వెన్నెముక గట్టులా పైకి తేలి, రెండు పక్కలా ఒళ్లు పెంకుటిల్లు కప్పులా వాలిపోయింది. చర్మం కొంచెం పట్టి వదిలితే ఆ మడత అలాగే నిలిచిపోయేది. ఒంట్లో నీళ్లు లేవనడానికి అదే గుర్తని నాకు తెలియలేదు. జాలి కొద్దీ రెండో రోజే పెద్ద ఎలుకను పెట్టాను. ఆబగా మింగింది. మూడో రోజు పొద్దున చూస్తే, సగం కుళ్లినదాన్ని కక్కేసి ఆ పక్కనే చలనం లేకుండా పడి ఉంది. చచ్చిపోయిందనే అనుకున్నాను.

వెట్ (పశువుల డాక్టర్) చెప్పాక అర్థమైంది. చాలా కాలం పస్తున్న ఒంట్లో ఒక్కసారిగా పెద్ద తిండి పడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోతాయి. ప్రాణం మీదికి కూడా వస్తుంది. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. పైగా కక్కినప్పుడు కడుపులోని ఆమ్లం గొంతును పాడుచేస్తుంది కాబట్టి మళ్లీ కనీసం రెండు వారాలు ఏమీ పెట్టకూడదు.

కాబట్టి ముందు వేడి చూడండి. పాము తన ఒంట్లో తాను వేడి పుట్టించుకోలేదు, బయట వెచ్చగా లేకపోతే దానికి తిండి అరగదు. పెట్టెలో ఒక వైపు 31-32 డిగ్రీలు, రెండో వైపు 25-26 ఉంచండి. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా హీట్ మ్యాట్ (పెట్టె కింద పరిచే వేడి చాప) వాడొద్దు. కింద చర్మం కాలుతున్నా పాము చాలాసార్లు అక్కడి నుంచి కదలదు. దాక్కునే చోటు రెండు వైపులా ఉండాలి. ఒక్కటే పెడితే వేడి సరిపోయినా సరిపోకపోయినా భయంతో అందులోనే ఉండిపోతుంది. కింద పేపర్ టవల్స్ పరిస్తే మలమైనా, మైట్స్ (రక్తం పీల్చే చిన్న పురుగులు) అయినా వెంటనే కనిపిస్తాయి.

తర్వాత నీళ్లు. 28-30 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో, ఒంటి మందంలో సగం మునిగేలా, పదిహేను ఇరవై నిమిషాలు ఉంచండి. నీరసంగా ఉన్న పాము మునిగిపోవచ్చు, పక్కనుంచి కదలకండి. మొదటిసారి ఉంచినప్పుడు మా పాము మూతి నీళ్లకు ఆనించి, దవడ కింద చర్మం సన్నగా ఎగిరిపడుతుంటే, ఆపకుండా చాలాసేపు తాగింది. ఎన్నాళ్ల దాహమో అనిపించి ఏడుపొచ్చింది.

కుబుసాన్ని గోళ్లతో పీకొద్దు. తడి నాచు నింపిన చిన్న డబ్బాకి కన్నం పెట్టి లోపల ఉంచండి, అదే దూరి ఒళ్లు రుద్దుకుంటుంది. తోక చివర ఉంగరంలా బిగుసుకున్న కుబుసం ఉందేమో మాత్రం తప్పకుండా చూడండి, రక్తం ఆడక తోక చచ్చుబడుతుంది. కంటి మీది పొర జోలికి అసలు వెళ్లొద్దు. పాముకి రెప్పలుండవు, ఒక పారదర్శకమైన పొలుసే కన్నును కాపాడుతుంది. పాత పొరతో పాటు అదీ ఊడొస్తే కన్ను పోతుంది. మా పాము ఎడమ కంటి పొర రెండో కుబుసంతో తనంతట తానే ఊడింది.

ఈ వారంలోనే సరీసృపాలు తెలిసిన వెట్‌కి చూపించి మల పరీక్ష చేయించండి. ఊపిరిలో ఈల శబ్దం, నోట్లో నురగ, చిగుళ్ల మీద పసుపు గడ్డలు ఉంటే రేపే వెళ్లండి. ఇంట్లో వేరే పాములుంటే దీన్ని మూడు నెలలు ఇంకో గదిలో ఉంచండి.

కక్కడాలు లేకుండా, చర్మం మడత నిలవకుండా ఉంటే, వారం పది రోజుల తర్వాత తిండి మొదలుపెట్టొచ్చు, వెట్ సరేనంటేనే. ఫ్రీజర్‌లోది కరిగించి వెచ్చబరచిన చిన్న ఎలుక, పాము ఒంటి మందంలో సగం ఉంటే చాలు. పెట్టాక రెండు రోజులు ముట్టుకోవద్దు. తినకపోతే నోట్లో కుక్కొద్దు, అవసరమైతే ట్యూబ్‌తో పట్టే పని వెట్ చూసుకుంటారు. వారానికోసారి తూచి రాసుకోండి. మాది 1,300 గ్రాములు దాటడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

మీ పాము ఇప్పుడు ఎంత బరువుంది? నోరు మూసుకునే ఊపిరి పీలుస్తోందా? ఈ రెండూ చెప్పండి, వెట్ దగ్గరికి ఎంత తొందరగా వెళ్లాలో దాన్నిబట్టి చెబుతాను.