గుడ్‌విల్‌లో ఏం కొనాలి, ఏం ఇవ్వాలి: మానసకు పిన్ని ఉత్తరం

చి. మానసకు,

పిన్ని ఆశీస్సులు. చికాగోలో అపార్ట్‌మెంటు దొరికిందని అమ్మ చెప్పింది. దాన్ని కొత్త సామానుతో నింపాలని చూడకు. గుడ్‌విల్, సాల్వేషన్ ఆర్మీ అనే ధర్మసంస్థలు నడిపే పాత సామాను దుకాణాలు చూడు. ఎవరో వాడి వదిలేసినవని మొహమాటపడకు. గుడ్‌విల్‌ని 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే పాస్టరు మొదలుపెట్టాడు. ఉన్నవాళ్ల ఇళ్ల నుంచి పాత బట్టలు తెచ్చి, పని దొరకనివాళ్ల చేత బాగు చేయించి అమ్మి, ఆ డబ్బుతో వాళ్లకే కూలి ఇచ్చాడు. ఇప్పటికీ ఆ అమ్మకాల డబ్బు ఉద్యోగ శిక్షణకు వెళ్తుంది. ఈ సంగతి తెలిసి వెళ్తే కొనేటప్పుడూ ఇచ్చేటప్పుడూ శ్రద్ధ దానంతటదే వస్తుంది.

ముందు చలికోటు సంగతి. చలి ముదిరాక వెళితే మంచివి అయిపోతాయి, సెప్టెంబరులోనే వెళ్లు. వారాంతం వద్దు, మామూలు రోజు పొద్దున్నే మేలు. చాలాచోట్ల ధర చీటీలకు రంగులుంటాయి, వారానికో రంగుకి సగం ధర. ఆ వారం ఏ రంగో లోపలికి వెళ్లగానే అడుగు. ట్రయల్ రూము ఉండకపోవచ్చు, సైజు నంబర్లు కంపెనీకొక రకం. అందుకని నీకు సరిపోయే, చొక్కా మీద వేసుకునే జాకెట్టు ఒకటి ఇంట్లోనే కొలిచి ఛాతీ, భుజం, చెయ్యి పొడవు రాసుకో, టేపు పట్టుకెళ్లు. లోపల స్వెట్టరు వేసుకుంటావు కాబట్టి ఛాతీ చుట్టుకొలత మూడు నాలుగు అంగుళాలు ఎక్కువ ఉండాలి.

కోటు చేతిలోకి తీసుకున్నాక జిప్పు కింది నుంచి పైదాకా నాలుగైదు సార్లు లాగు. జిప్పు మార్పించాలంటే కోటు ధర కంటే ఎక్కువ అడుగుతారు. చంకల దగ్గర లైనింగు, జేబుల అడుగు, చేతుల అంచులు లోపలికి తిప్పి చూడు. ఈకలు నింపిన కోటయితే గుడ్డని వేళ్లతో నొక్కుతూ పో. ఉండలు కట్టి మూలల్లోకి చేరి, మధ్యలో రెండు పొరలే తగిలితే అక్కడ చలి ఆగదు, వదిలెయ్. తర్వాత వాసన చూడు. కలరా ఉండల వాసన గాలికి ఆరేస్తే కొన్ని వారాల్లో తగ్గుతుంది. సిగరెట్టు వాసన మాత్రం లైనింగులో పట్టుకుందంటే ఒక పట్టాన వదలదు.

తెచ్చిన బట్టల్ని మంచం మీద వెయ్యకు. డ్రయ్యరు వేడి తట్టుకునేవన్నీ ఎక్కువ వేడి మీద అరగంట తిప్పు, నల్లులున్నా చస్తాయి. ఉన్ని కోటుని డ్రయ్యర్లో పడేస్తే పిల్లలకి సరిపోయేంత అయిపోతుంది. దాన్ని కవర్లో మూతి కట్టి ఉంచి, నేరుగా డ్రైక్లీనింగుకి ఇవ్వు. పరుపు, గుడ్డ సోఫా ఎంత చవకైనా వద్దే వద్దు. కుట్ల వెంట సిరా చుక్కల్లాంటి నల్ల మచ్చలు కనపడితే అవి నల్లులవే, కానీ మచ్చ లేనంత మాత్రాన నల్లి లేనట్టు కాదు. చెక్క బల్ల, కుర్చీ నిశ్చింతగా కొనొచ్చు, సొరుగుల అడుగు, స్క్రూల రంధ్రాలు ఫోను లైటు వేసి చూశాక.

వంటసామానులో ఇనప పెనం దొరికితే వదలకు. పైపైన తుప్పుకి భయం లేదు. స్టీలు పీచుతో రుద్ది, కడిగి, పొయ్యి మీద ఆరబెట్టి, నూనె పల్చగా రాసి తుడిచేసి, 450 డిగ్రీల ఫారెన్‌హీట్ అవెన్‌లో బోర్లించి గంట ఉంచు. దోసెలకి తిరుగుండదు. కొనేముందు మాత్రం రెండు పరీక్షలు. వేలి కణుపుతో కొడితే గణగణ మోగాలి, మొద్దుగా పలికితే ఎక్కడో పగులుంది. చదునైన అలమర మీద పెట్టి అంచులు నొక్కితే ఊగకూడదు, ఊగే పెనం పైన గాజు పలక ఉండే కరెంటు పొయ్యి మీద ఒకవైపే కాలుతుంది. గీతలు పడ్డ నాన్‌స్టిక్, పాతకాలపు రంగు బొమ్మల పింగాణీ పళ్లేలు వద్దు. ఆ రంగుల్లో సీసం ఉండొచ్చు. కరెంటు వస్తువుల్ని దుకాణంలోనే ప్లగ్గు పెట్టి రెండు నిమిషాలు నడిపించు. అవి 120 వోల్టులవి, ఇండియాకి తెచ్చి మన 230కి పెడితే కాలిపోతాయి. అక్కకి బిడ్డ పుడుతున్నాడని పాత కారుసీటు కొనకు, ప్రమాదంలో దెబ్బతిందో లేదో పైకి తెలియదు. పక్కనుండే అడ్డు కిందికి జారే పసిపిల్లల మంచాల అమ్మకం 2011 నుంచి అమెరికాలో నిషేధం.

ఇక ఇచ్చే సంగతి. ఉతికి, పూర్తిగా ఆరినవే ఇవ్వు. ఒక్క తడి చొక్కా ఉంటే సంచంతా బూజు పడుతుంది, అంతా చెత్తలోకే. ఆ చెత్త ఎత్తించడానికి డబ్బు కట్టేది ఆ సంస్థే. బూట్లు లేసులతో జతగా ముడివెయ్యి. మిక్సీకి దాని వైరు, జార్లు టేపుతో కట్టు, పజిలు ముక్కలు జిప్ కవర్లో వెయ్యి. చీరయితే లంగా, జాకెట్టు కలిపి ఒకే కవర్లో పెట్టి మీద "చీర, మూడు ముక్కలు" అని ఇంగ్లీషులో రాయి, లేకపోతే ధర వేసేవాళ్లు మూడింటినీ మూడుచోట్ల తగిలిస్తారు. పరుపులు, హెల్మెట్లు చాలాచోట్ల తీసుకోరు. పార్కింగులో కనిపించే డబ్బాలన్నీ ధర్మసంస్థలవి కావు, మీద ఎవరి పేరుందో చదివి వెయ్యి.

రసీదు అడిగి తీసుకో. దాని మీద విలువ వాళ్లు వెయ్యరు, నువ్వే లెక్క కట్టాలి. చదువుకునేటప్పుడు 1040-ఎన్‌ఆర్ అనే విదేశీయుల పన్ను ఫారంలో, భారత్-అమెరికా పన్ను ఒప్పందం కింద స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చుల లెక్క చూపకుండా వచ్చే మినహాయింపు) తీసుకుంటే ఆ రసీదు పన్నుకి పనికిరాదు. తర్వాత ఉద్యోగంలో చేరి ఖర్చులు విడివిడిగా చూపించేటప్పుడు వస్తువుల దానం మొత్తం 500 డాలర్లు దాటితే ఫారం 8283 జతచెయ్యాలి, బట్టలు మంచి స్థితిలో ఉంటేనే లెక్కలోకి వస్తాయి. ఇచ్చే రోజే ఫొటోలు తీసి జాబితా రాసి ఉంచుకో.

లీజు అయిపోయే రోజు రాత్రి దుకాణం మూసేశాక గుమ్మం ముందు సామాను పడేసి వెళ్లే పిల్లలుంటారు. వాన పడితే ఏదీ పనికిరాదు, చట్టరీత్యా కూడా తప్పు. బల్లలు, మంచాలు ఉంటే సాల్వేషన్ ఆర్మీ వాళ్లు ట్రక్కు పంపించి ఉచితంగా తీసుకెళ్తారు. నెలాఖర్లో తేదీలు దొరకవు, కనీసం మూడు వారాల ముందే బుక్ చేసుకో.

ఇట్లు,
మీ పిన్ని